జరగని ఊరేగింపు తెచ్చిన ఉత్తర్వు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. గత వారం మీ పాఠకుల లేఖల శీర్షికలో వచ్చిన ఒక ఉత్తరం చదివి ఇది రాస్తున్నాను. గుత్తేదారుల కింద పారిశుద్ధ్యం, కాపలా, దుప్పట్ల చాకిరీ వంటి పనులు చేసే కార్మికులు తిరుపతిలో తీసిన ఊరేగింపు వల్ల తాము లీలామహల్ కూడలి దగ్గర నలభై నిమిషాలు ఎండలో నిలిచిపోయామని ఆ పాఠకులు బాధపడ్డారు. అంతటితో ఆగక, ఊరేగింపులతో ఉద్యోగాలు రావనీ, అమెరికాలో నల్లజాతివారు 1963లో జరిపిన వాషింగ్టన్ ప్రదర్శనను సైతం లోకం గుర్తు పెట్టుకున్నది అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ అనే మహానుభావుడు చేసిన ప్రసంగం వల్లనే గాని నడిచిన జనం వల్ల కాదనీ తేల్చేశారు. ఎండ సంగతి నేను కాదనను. మన ఊరి ఎండలో నిలబడడం ఎవరికైనా కష్టమే. అయితే గరుడ సేవ నాడు లక్షల మంది వస్తారని ముందే తెలుసుకొని, దారులు మళ్లించి, వాహనాలు ఎక్కడ ఆపాలో బోర్డులు కట్టి, మజ్జిగా మంచినీళ్లూ పంచి మరీ గట్టెక్కే ఊరు మనది. అలాంటి ఊరు ఐదారు వందల మంది కార్మికులు నడిస్తే తట్టుకోలేకపోయిందంటే తప్పు నడిచినవారిదే అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కాని ఈ ఉత్తరం రాయించింది ఎండ కాదు, ప్రసంగం గురించి ఆయన అన్న మాట. నేను రైల్వేలో టికెట్ తనిఖీ ఉద్యోగిగా ముప్పై మూడేళ్లు పనిచేసి రేణిగుంటలో పదవీ విరమణ చేసినవాణ్ణి. వాషింగ్టన్ ప్రదర్శన అనగానే నాకు ప్రసంగ వేదిక కంటే ముందు రాత్రి బండి పడక పెట్టె కళ్లకు కడుతుంది. ఆ ఉద్యమానికి పునాది వేసినవారు రైలు పెట్టెల్లో ప్రయాణికులకు పరుపులు పరిచి, బూట్లు తుడిచి, వేళకు నిద్ర లేపిన నల్లజాతి పోర్టర్లు. మన రైల్వే సంఘాల వాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. నాకైనా ఉద్యోగంలో ఉండగా మా సంఘం కార్యాలయంలో ఒక పెద్దాయన చెబితేనే తెలిసింది. ఆ తర్వాత దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

పుల్‌మన్ అనే కంపెనీ అమెరికా రైళ్లలో పడక పెట్టెలు నడిపేది. 1920ల నాటికి నల్లజాతివారిని అంత ఎక్కువమందిని పనిలో పెట్టుకున్న ప్రైవేటు సంస్థ ఆ దేశంలో మరొకటి లేదు. పెట్టుకున్నది ఔదార్యంతో కాదు. తక్కువ జీతానికి, ఎదురు మాట్లాడరన్న ధీమాతో. నెల జీతం దక్కాలంటే పోర్టరు సుమారు 400 గంటలు పనిచేయాలి, లేదా 11,000 మైళ్లు తిరగాలి. బండి కదలక ముందు పడకలు సర్దే గంటలు లెక్కలోకి రావు. బూట్ల పాలిషు సైతం సొంత డబ్బుతో కొనుక్కోవాలి. మిగిలిన బతుకంతా ప్రయాణికుడు దిగేటప్పుడు చేతిలో పెట్టే చిల్లర మీద. ఇవన్నీ ఒక ఎత్తు, పేరు ఒక ఎత్తు. ఆ పోర్టరు ఎవరైనా సరే, ప్రయాణికులు అతణ్ణి ‘జార్జ్’ అని పిలిచేవారు. జార్జ్ అన్నది కంపెనీ పెట్టిన యజమాని పేరు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు రైలెక్కింది.

ఈ సంగతి చదివిన నాడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ముప్పై మూడేళ్లలో ఏసీ పెట్టెల్లో దుప్పట్లు పంచే ఎంతమంది పిల్లలను నేను ‘ఏయ్ బెడ్‌రోల్’ అని పిలిచానో లెక్క లేదు. చార్టులో ప్రతి ప్రయాణికుడి పేరూ వయసూ చూసి పెన్నుతో గీత కొట్టేవాణ్ణి. అదే పెట్టెలో, తలుపు పక్కన, దుప్పట్ల మూటల మధ్య మోకాళ్లు ముడుచుకొని పడుకునే అబ్బాయి పేరు అడగాలని తోచలేదు. ఈ మధ్య మా మనవరాలితో సికింద్రాబాదు వెళుతున్నప్పుడు అలాంటి అబ్బాయినే పేరు అడిగాను. చెప్పడానికి తటపటాయించాడు. పిర్యాదు రాసుకోవడానికి అడుగుతున్నాననుకున్నాడట. కాదని నమ్మించాక పేరు చెప్పాడు, ఊరు గూడూరు దగ్గర అన్నాడు, రెండు నెలలుగా జీతం రాలేదన్నాడు, తెల్లారి మళ్లీ ఇదే బండిలో తిరుగు ప్రయాణం అన్నాడు. ఎవరి కింద పనిచేస్తున్నావంటే గుత్తేదారు పేరు తెలియదన్నాడు. మేస్త్రీ పేరు మాత్రం తెలుసు.

పుల్‌మన్ పోర్టర్లు 1925 ఆగస్టు 25న న్యూయార్కులో సంఘం పెట్టుకున్నారు. నాయకుడిగా ఆసా ఫిలిప్ రాండాల్ఫ్‌ను ఎంచుకున్నారు. ఆయన పోర్టరు కాదు, పత్రికా సంపాదకుడు. పోర్టరు కానివాణ్ణి ఎంచుకోవడంలోనే వాళ్ల తెలివి ఉంది: కంపెనీ ఆయన్ని ఉద్యోగం నుంచి తీసివేయలేదు కదా. ఆ సంఘాన్ని కంపెనీ గుర్తించి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి సరిగ్గా పన్నెండేళ్లు పట్టింది. 1937 ఆగస్టు 25న అది జరిగింది, పని గంటలు నెలకు 240కి దిగాయి. అంతకు ముందు నుంచే పోర్టర్లు మరొక పని కూడా చేస్తూ వచ్చారు. చికాగోలో అచ్చయ్యే నల్లజాతి పత్రికను కట్టలు కట్టి, తాము వెళ్లే బండ్లలో అమెరికా దక్షిణాది పల్లెల దాకా మోసుకెళ్లి పంచారు. తపాలా కార్యాలయం మీద నమ్మకం లేని చోట్ల వార్త రైలెక్కి వెళ్లింది. కనుక 1941 వచ్చేసరికి వాళ్ల దగ్గర కేవలం కోపం కాదు, చందాలు కట్టే సభ్యులు ఉన్నారు, ఊరూరా తెలిసిన మనుషులు ఉన్నారు, పన్నెండేళ్ల ఓపిక అలవాటై ఉంది.

ఐరోపాలో యుద్ధం మొదలై అమెరికా కర్మాగారాలకు ఆయుధాల ఆర్డర్లు వచ్చి పడుతున్న రోజులవి. విమానాల కర్మాగారాల్లో వేలకొద్దీ కొత్త ఉద్యోగాలు. నల్లవాడు వెళ్లి అడిగితే ఊడ్చే పని ఉంది, ఇంకేమీ లేదు. సైన్యంలో చేరితే వేరు పటాలం, వేరు బారకాసు, వేరు భోజనశాల. నౌకాదళంలో చేరితే అధికారులకు వడ్డించే పని. రక్తం ఇస్తానన్నా మొదట వద్దన్నారు, తర్వాత తీసుకున్నా సీసాలు వేరుగా పెట్టారు. 1940 సెప్టెంబరులో రాండాల్ఫ్ మరో ఇద్దరు నాయకులతో వెళ్లి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను కలిసి ఈ వివక్ష తీసివేయమని కోరితే, రెండు వారాలు తిరగకముందే సైన్యంలో వేరు పటాలాల పద్ధతి అలాగే సాగుతుందని ప్రకటన వెలువడింది. పైగా ఈ నాయకులు దానికి సమ్మతించినట్టు ధ్వనించేలా దాన్ని రాశారు. వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగి వచ్చిన మన నాయకులకు కూడా ఈ అనుభవం కొత్తది కాదు.

ఆ తర్వాత సంఘం పని మీద దక్షిణాదికి రైల్లో వెళుతూ రాండాల్ఫ్ తన సహచరుడితో అన్నది, పదివేల మందిని వాషింగ్టన్ వీధుల్లో నడిపిద్దామని. 1941 జనవరిలో పిలుపు ఇచ్చారు, జూలై 1 తేదీ పెట్టారు. నెలలు గడిచేకొద్దీ పదివేలు లక్ష అయింది. జూన్ 18న అధ్యక్షుడు పిలిపించి, నిజంగా ఎంతమంది వస్తారని అడిగాడు. లక్ష మంది అని జవాబు. యుద్ధానికి సిద్ధమవుతున్న, హిట్లరు జాతి అహంకారాన్ని తిడుతున్న దేశ రాజధానిలో లక్షమంది నల్లవారు ‘మాకు పని ఇవ్వండి’ అంటూ నడిస్తే లోకం ముందు తల ఎక్కడ పెట్టుకోవాలన్నది అధ్యక్షుడి చింత. ఊరేగింపు ఆపండి, పని జరిగేలా చూస్తాను అన్నాడు. కాగితం చూపితే ఆపుతాం అన్నారు వీళ్లు. ముసాయిదా వస్తే, రక్షణ కర్మాగారాలు సరే, ప్రభుత్వ ఉద్యోగాల మాట ఏదని తిప్పి పంపారు. జూన్ 25న 8802 సంఖ్య గల ఉత్తర్వు మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. ఊరేగింపు ఆగింది.

మీ పాఠకులు ఈ చోట ఆగి ఆలోచించాలని నా మనవి. ఒక్క అడుగు పడలేదు, ఒక్క బండి ఆగలేదు, అయినా ఉత్తర్వు వచ్చింది. కాబట్టి ఊరేగింపులతో పనేముందని ఆయన అనవచ్చు. కాని వస్తారని నమ్మకం లేకపోతే ఆ సంతకం వచ్చేది కాదు. లక్ష అన్న అంకెను అధ్యక్షుడు కొట్టిపారేయలేకపోయింది రాండాల్ఫ్ గొంతు గంభీరంగా ఉండడం వల్ల కాదు (గంభీరంగానే ఉండేదట). పన్నెండేళ్లు కంపెనీతో తలపడి నిలిచిన సంఘం ఆయన వెనక ఉండడం వల్ల.

ఇక ఆ ఉత్తర్వులో ఏముందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా ఉత్తరంలో అసలు సంగతి అదే. జాతి, మతం, రంగు, పుట్టిన దేశం కారణంగా రక్షణ పరిశ్రమల్లోనూ ప్రభుత్వంలోనూ ఎవరినీ పని నుంచి తప్పించరాదన్నది మొదటి మాట. ప్రభుత్వం ఇకమీదట కుదుర్చుకునే రక్షణ కాంట్రాక్టులన్నింటిలో, వివక్ష చూపబోనని గుత్తేదారు ఒప్పుకునే షరతు తప్పక రాయాలన్నది రెండో మాట. పిర్యాదులు విని విచారించడానికి ఒక కమిటీ అన్నది మూడోది. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటున్నావు గనుక మనుషులను ఎంచుకోవడంలో నీ ఇష్టానికి హద్దు ఉంటుంది అని గుత్తేదారుతో అనడమే ఆ రెండో మాట సారం. గత వారం మన ఊళ్లో నడిచినవారు పంచిన కరపత్రం నా దగ్గర ఉంది. అందులో మూడో కోరిక ఇదే: టెండరు ఒప్పందాల్లో కుల వివక్ష చూపరాదన్న షరతు చేర్చాలి, ఉల్లంఘిస్తే టెండరు రద్దు చేయాలి. వాళ్లలో ఎవరికైనా రాండాల్ఫ్ పేరు తెలుసని నేను అనుకోను. కష్టం ఒకటైతే మందూ ఒకటే తడుతుంది కాబోలు.

ఆ కమిటీ బలం గురించి అతిశయంగా చెప్పను. శిక్షించే అధికారం దానికి లేదు. తిట్టగలదు, బయటపెట్టగలదు, అంతే. 1944లో ఫిలడెల్ఫియాలో ఎనిమిదిమంది నల్లవారిని ట్రాములు నడిపే పనిలోకి తీసుకోబోతే తెల్ల కార్మికులు పని మానేసి నగరాన్ని స్తంభింపజేశారు. చివరకు ప్రభుత్వం సైన్యాన్ని దించి ట్రాములు నడిపించింది. యుద్ధం ముగిశాక చట్టసభలోని దక్షిణాది రాష్ట్రాల సభ్యులు నిధులు ఆపించి 1946 నాటికి కమిటీని మూయించారు. అయినా ఆ కొద్ది ఏళ్లలో యుద్ధ పరిశ్రమల్లో నల్లజాతివారి వాటా 3 శాతం లోపు నుంచి 8 శాతం దాకా పెరిగింది. కార్మికుల కొరత కూడా అందుకు కారణమేనని చరిత్రకారులు అంటారు, నిజమే. కాని కొరత ఉన్నా తలుపు మూసే ఉంచిన కంపెనీలు ఎన్నో ఉన్నాయి. వాటి తలుపు తట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంది.

ఉత్తర్వులో లేనిది సైన్యం. 1941లో రాండాల్ఫ్ కోరికల్లో అది ఉంది, ఇచ్చినదాంట్లో లేదు. ఆ లోటును చాలామంది యువకులు మోసం అన్నారు. నా ఉద్దేశంలో వాళ్లన్నది పూర్తిగా తప్పు కాదు, రాండాల్ఫ్ చేసిందీ తప్పు కాదు. దొరికిన సగాన్ని దాచుకొని మిగతా సగాన్ని పద్దులో రాసుకున్నాడాయన.

సైన్యం విషయంలో ఒక చిక్కు ఉంది. కార్మికుడు ఊరేగింపు తీయవచ్చు. సైనికుడు తీస్తే అది తిరుగుబాటు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు కోట ఉంది. 1806 జూలైలో అక్కడి సిపాయిలు తలపాగాకు తోలు తగిలించమన్న, బొట్టు చెరిపేయమన్న ఆజ్ఞ మీద మొదట మామూలుగానే మొర పెట్టుకున్నారు. దానికి దొరికినవి కొరడా దెబ్బలు, ఆ తర్వాత జరిగింది రక్తపాతం. 1944 జూలై 17న కాలిఫోర్నియాలోని పోర్ట్ షికాగో రేవులో ఓడల్లోకి మందుగుండు ఎక్కిస్తుండగా పేలుడు జరిగి 320 మంది చనిపోయారు, అందులో 202 మంది నల్లవారు. ఎక్కించే పని అంతా నల్లవారిది, అజమాయిషీ తెల్లవారిది. బతికినవారు మళ్లీ అదే పని, అవే పద్ధతుల్లో చేయబోమంటే 50 మందికి తిరుగుబాటు నేరం కింద శిక్షలు వేశారు. ఎనభై ఏళ్లు గడిచాక, 2024 జూలైలో, ఆ శిక్షలను నౌకాదళమే రద్దు చేసింది. అప్పటికి ఆ యాభై మందిలో ఒక్కరూ బతికి లేరు. మన రాజ్యాంగం 33వ అధికరణ కూడా సాయుధ దళాలవారి ప్రాథమిక హక్కులకు హద్దులు పెట్టే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది, క్రమశిక్షణ కోసం. అది అవసరం కూడా. అందుకే సైనికుడి కోసం నడవవలసినవారు బయటివారు. రైలు పోర్టర్లు సైనికుల కోసం పోరాడడంలోని ఔచిత్యం అదే.

అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేసిన రోజు డోరీ మిల్లర్ అనే నల్లజాతి నావికుడు భోజనశాల పని వదిలి, తనకెవరూ నేర్పని విమాన విధ్వంసక తుపాకీ పట్టి కాల్చాడు. పతకం ఇచ్చారు, పని మాత్రం భోజనశాలలోనే. మన అస్సాంలోని లెడో నుంచి బర్మా మీదుగా చైనా వైపు అడవులు నరికి రోడ్డు వేసిన సుమారు 15,000 మంది అమెరికా సైనికుల్లో 60 శాతం నల్లవారే. వేరు పటాలాల పద్ధతి వారితోపాటు మన గడ్డ మీదికీ వచ్చింది. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడర్డ్ అనే సార్జెంటు సైన్యం నుంచి విడుదలైన రోజే, ఒంటి మీద యూనిఫాం ఉండగానే, బస్సులో ఇంటికి వెళుతుంటే దక్షిణ కరోలినా పోలీసులు కొట్టి రెండు కళ్లూ పోగొట్టారు. కొట్టిన అధికారిని జ్యూరీ నిర్దోషి అంది. ఈ కథ విని అధ్యక్షుడు ట్రూమన్ చలించాడని అంటారు. చలించాడు గాని కదలడానికి ఇంకా ఒత్తిడి కావలసి వచ్చింది. 1948 మార్చి 31న రాండాల్ఫ్ సెనేట్ కమిటీ ముందు కూర్చొని, రంగును బట్టి విడదీసే సైన్యంలో చేరవద్దని నల్ల యువకులకూ తెల్ల యువకులకూ చెబుతానని, జైలుకు వెళ్లడానికి సిద్ధమని చెప్పాడు. గాంధీజీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలే. గాంధీజీ చూపిన శాసనోల్లంఘన దారినే ఆయన పట్టాడు. ఆ జూలైలో ట్రూమన్ పార్టీ మహాసభ బయట రాండాల్ఫ్, ఆయన అనుచరులు నిలబడి నినాదాలు చేశారు. జూలై 26న 9981 సంఖ్య గల ఉత్తర్వు వచ్చింది, సైన్యంలో అందరికీ సమాన గౌరవం, సమాన అవకాశం అంటూ. అమలు కావడానికి కొరియా యుద్ధం దాటింది. వేరు పటాలాలు పూర్తిగా పోయేసరికి 1954.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అని ఎవరైనా అంటే, సైన్యంలో జాతి లెక్క మన తెలుగువారి మీద కూడా వేశారని గుర్తు చేస్తాను. ఒకప్పుడు ఉత్తరాదివారు సిపాయిని ‘తిలంగా’ అనేవారు. తెలంగులు అంత పేరు మోసిన సైనికులు. 1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకు దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తోచింది. ఆయన తర్వాత భారత సైన్యానికంతటికీ అధిపతి అయ్యాడు, ‘వీర జాతులు’ అన్న సిద్ధాంతం నియామకాలను ఏలింది, మన పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. మహారాష్ట్రలో దళితులైన మహర్లకూ అదే గతి. అంబేద్కర్ తండ్రి సైన్యంలో సుబేదారు. ఆయన తరం తర్వాత ఆ తలుపు మూసేశారు. 1941 అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంటు ఏర్పడింది. సంవత్సరం చూడండి: వాషింగ్టన్‌లో ఆ ఉత్తర్వు మీద సంతకం పడింది జూన్‌లో. రెండు చోట్లా యుద్ధానికి మనుషులు కావలసి వచ్చిన నాడే యోగ్యత కనిపించింది. ఈ సామ్యం అంబేద్కర్‌కు తెలియనిది కాదు. నల్లజాతివారి పక్షాన ఐక్యరాజ్య సమితికి పెట్టిన అర్జీ ప్రతులు కావాలని 1946లో ఆయన డుబోయిస్ అనే నల్లజాతి మేధావికి ఉత్తరం రాశారు.

జాతి వేరు, కులం వేరు, నిజమే. తెల్లవాడు నల్లవాణ్ణి గుర్తుపట్టడానికి కన్ను చాలు. అయినా అక్కడ కూడా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు 1914 నుంచి దరఖాస్తు మీద ఫోటో అంటించమన్నారు. పేరు చూస్తే రంగు తెలియదు గనుక. మన దగ్గర ఫోటో చాలదు గనుక ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే ‘ఊళ్లో ఏ పక్క?’ అని. నా సొంత బంధువుల్లో ఒక పిల్లవాడు, కంప్యూటరు డిప్లొమా చదివినవాడు, ఈ జిల్లాలోనే ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల పనికి వెళ్లాడు. పరీక్ష బాగా రాశాడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కాఫీ ఇప్పించి, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ ఊళ్లో తనకు తెలిసిన నలుగురి పేర్లు చెప్పి, వాళ్లిల్లు మీ వీధేనా అన్నాడట. కాదన్నాడు మావాడు. ‘చూసి చెబుతాం’ అన్నారు. తిట్టలేదు, తరమలేదు, కాఫీ కూడా మంచి గ్లాసులోనే ఇచ్చారు. తిడితే చట్టం ఉంది, వెలివేస్తే చట్టం ఉంది. ‘చూసి చెబుతాం’ అన్న మాట మీద ఏ పోలీసు స్టేషనులో కేసు పెట్టాలి? సమాన అవకాశం ఇవ్వాలనే రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ కొలువులకు వర్తిస్తుంది. గుత్తేదారు తన మనుషులను ఎలా ఏరుకుంటాడన్నది దాని పరిధిలోకి నేరుగా రాదు. కాని ఆ గుత్తేదారుకు బిల్లు చెల్లించేది చాలా సందర్భాల్లో ప్రభుత్వ ఖజానాయే. టెండరు కాగితంలో ఒక షరతు చేర్చమనడం అందుకే చిన్న కోరిక కాదు, గొంతెమ్మ కోరికా కాదు.

ఇక ఆ పాఠకులు ప్రస్తావించిన 1963 ఆగస్టు 28 ప్రదర్శన. దాని పూర్తి పేరు ‘ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ ప్రదర్శన’. పేరులో ఉద్యోగాలు ముందు. పెద్ద దిక్కు అదే రాండాల్ఫ్, అప్పటికి 74 ఏళ్లు. పనులన్నీ నడిపింది బయార్డ్ రస్టిన్, 1948లో గాంధేయ పద్ధతులు తెలుసుకోవడానికి మన దేశానికి వచ్చి వెళ్లినవాడు. రైల్వేవాణ్ణి గనుక నాకు ముచ్చటైన వివరాలు ఇవి: 21 ప్రత్యేక రైళ్లు, రెండు వేలకు పైగా బస్సులు, న్యూయార్కు చర్చిలో స్వచ్ఛంద సేవకులు రాత్రంతా కట్టిన 80,000 భోజన పొట్లాలు. రెండున్నర లక్షల మంది వచ్చి, నడిచి, సాయంత్రానికి ఊరు ఖాళీ చేశారు. పది కోరికల పట్టీ ఉంది. గంటకు రెండు డాలర్ల కనీస వేతనం అందులో ఉంది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం, అంటే 1946లో మూతపడిన కమిటీ ప్రాణం, అందులో ఉంది. 1964 జూలై 2న సంతకమైన పౌర హక్కుల చట్టంలో ఏడో అధ్యాయం ఆ కోరికకు వచ్చిన జవాబు. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం మహత్తరమైనదే, నాకూ వింటే ఒళ్లు జలదరిస్తుంది. కాని ఆయన చివరి వక్తల్లో ఒకరు. ఆయన తర్వాత చదివిన కోరికల పట్టీని మరచి ప్రసంగాన్ని మాత్రమే గుర్తుంచుకోవడం పెళ్లికి వెళ్లి వంటలు మాత్రమే గుర్తుంచుకున్నట్టు ఉంటుంది. ఆ ప్రదర్శనకూ లోపాలున్నాయి. ఉద్యమంలో సగం బరువు మోసిన ఆడవాళ్లకు ప్రధాన ప్రసంగాల్లో చోటివ్వలేదు, ఆ సంగతి వాళ్లు అప్పుడే అడిగారు కూడా.

ఒక సంతకంతో వచ్చినది ఇంకో సంతకంతో పోతుందన్న భయం కూడా దాచను. కాంట్రాక్టర్లకు వివక్ష నిషేధ షరతును గట్టిపరిచిన 1965 నాటి 11246 ఉత్తర్వును అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 జనవరిలో రద్దు చేశాడు. అరవై ఏళ్ల ఉత్తర్వు అది. చట్టంగా మారిన ఏడో అధ్యాయం మాత్రం నిలిచి ఉంది. మన కార్మికులు కూడా అధికారి హామీతో సరిపెట్టుకోక, ఒప్పందంలో అక్షరాలుగా కావాలని పట్టుబట్టడం ఇందుకే సరైనదని నాకు తోస్తుంది.

చివరిగా పత్రిక గురించి. 1942 జనవరి 31న పిట్స్‌బర్గ్‌లోని ఒక నల్లజాతి పత్రిక, కాన్సాస్ రాష్ట్రంలో విమాన కర్మాగారపు భోజనశాలలో పనిచేసే జేమ్స్ థాంప్సన్ అనే 26 ఏళ్ల యువకుడి ఉత్తరాన్ని అచ్చు వేసింది. బయటి శత్రువు మీద ఒక విజయం, ఇంట్లో వివక్ష మీద ఒక విజయం, రెండూ కావాలని ఆ కుర్రవాడు రాశాడు. వారం తిరిగేసరికి పత్రిక ఆ మాటను జంట విజయ చిహ్నంగా మొదటి పేజీకి ఎక్కించింది, దేశమంతా పట్టుకుంది. అదీ మీ దగ్గరికి వచ్చే ఉత్తరాల వంటి పాఠకుడి ఉత్తరమే.

గత వారపు ఊరేగింపు గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త నా ముందు ఉంది. ట్రాఫిక్ ఎంతసేపు ఆగిందో ఉంది, ఏ కూడలిలో ఆగిందో ఉంది, ఎండలో చిక్కుకున్న స్కూలు బస్సు ఫోటో ఉంది. నడిచినవారు ఏమడిగారో లేదు. వారి కరపత్రంలో నాలుగే కోరికలున్నాయి: ప్రతి నెలా పదో తేదీ లోపు బ్యాంకు ఖాతాలో జీతం, పీఎఫ్ కట్టిన రసీదు కార్మికుడి చేతికి, టెండరు ఒప్పందంలో కుల వివక్ష నిషేధ షరతు, పిర్యాదు విచారించే కమిటీలో ఒక కార్మిక ప్రతినిధి. ఈ ఉత్తరంతో కరపత్రం నకలు జతచేస్తున్నాను. నా ఉత్తరానికి చోటు చాలకపోతే దీన్ని పక్కన పెట్టి, ఆ నాలుగు కోరికలనైనా పూర్తి పాఠంతో, ట్రాఫిక్ వార్త వేసిన ఆ పేజీలోనే వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
తిరుపతి